తల లేని గడ్డ

ధర్మలింగం చెట్టి అంగట్లో
తూకం నా పని.
కరక్కాయ, పిప్పళ్ళు, నేలవేము, అతిమధురం.
తిరుపతి ఎండకి, మధ్యాహ్నానికల్లా
నా చొక్కా కూడా ఒక కషాయం.

ఆ మంగళవారం మద్రాసు పార్శిల్లో
కొత్త సరుకు దిగింది.
తెల్లటి బిళ్ళలు, బడిలో విరిగిన సుద్దముక్కల్లా.
సంచి మీద కిటికీలూ గడపలూ గీసినట్టు
చైనా అక్షరాలు.
రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన
ఎవరో రాసిచ్చారని తెప్పించుకున్నాడు.
అరుగుదలకట, చక్కెరకట, ఊపిరికట.
"ఏం గడ్డబ్బా ఇది?" అన్నాడు చెట్టి.
నాకేం తెలుసు. కిలో ధర తెలుసు.

అప్పుడే దిగింది యాకసిరి పెంచలమ్మ,
మామండూరు నుంచి, ఏడున్నర బస్సుకి.
గోతంలో సుగంధి వేళ్ళు,
అడుగున నాలుగు అడవి పెండలాలు.
చెక్‌పోస్టు కాడ గోతం రెండుసార్లు కుమ్మరించినారంట.
"ఎర్రచందనం గడ్డల్లో ఊరతాదా నాయనా?" అనడిగిందంట.
వాళ్ళు నవ్వలేదంట.

ఒక బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాను.
తిప్పింది. వాసన చూసింది.
మణికట్టు లోపలివైపు రుద్దుకొని
కాసేపు ఆగింది.
దేనికి?
దురద కోసం.
పచ్చి గడ్డ తోలు తీసిన చెయ్యి
చింతపండు పిసికితే గాని ఊరుకోదు.
"ఎండినాక కోపం పోయిండాది" అంది, నాతో కాదు, బిళ్ళతో.
కొసపంట కొరికింది.
నాలిక మీద జిగురు తేలేదాకా
గోడమీది క్యాలెండరు వంక చూస్తా ఉండిపోయింది.

"మా గడ్డే" అంది.
మళ్ళీ దిద్దుకుంది: "మా గడ్డకి చెల్లెలు. యాడిది?"
చైనాది.
"సెల్లుఫోన్లే అనుకున్న్యా. గడ్డలు గూడా ఉండాయా వాళ్ళకి."

ఆ తర్వాత ఆమె చేసింది నాకు అంతుపట్టలేదు.
సంచి మొత్తం గుడ్డ మీద పోయించింది.
బియ్యంలో రాళ్ళు ఏరే మాదిరి
ఒక్కొక్క బిళ్ళా పక్కకు జరుపుతా పోయింది.
చెట్టి గొణిగాడు. రెండు బేరాలు తిరిగిపోయాయి.
"ఏం పోగొట్టుకున్నావు మే?"
"తల."

గడ్డకి తల ఉంటుంది.
తీగ పుట్టే చోట, బొటనవేలంత,
ముసలి మెడలా ముడతలు పడి.
నడుములోతు గుంతలో దిగి,
మూరెడు గడ్డను విరక్కుండా పైకి తెచ్చి,
ఆ తల మాత్రం తుంచి
మళ్ళీ అదే గుంతలో పెట్టాల.
మన్ను కప్పాల, ఆకు కప్పాల,
వచ్చే వానకి లేచి రమ్మని చెప్పి రావాల.
తల కూడా అమ్ముకున్నోడి వెనక
కొండ గుడ్డిదైపోతుందంట.
వాళ్ళ నాయన ఆమెను ఒక్కసారే కొట్టాడు,
తొమ్మిదేళ్ళప్పుడు, తవ్వుకోలతో, దీనికే.
"దెబ్బ గురుతు లేదు. గుంత గురుతుండాది."

అడుగుదాకా చూసింది.
నడిముక్కలే. అన్నీ నడిముక్కలే.
కొంగు దులుపుకుంటా లేచింది.
"మంచోళ్ళే."
ఎవరు?
"తవ్వినోళ్ళు."

ఆమె పోయినాక
ఆమె తెచ్చిన పెండలాల్ని తక్కెట్లో పెట్టాను.
నాలుగింటికీ పైకొన మీద
తుంచిన గుర్తు, ఎండిన పాలచుక్కతో.
పదకొండేళ్ళుగా తూస్తున్నాను.
కొండలో వదిలి వచ్చిన దాని బరువు
ఏ రాయితో తూయాలో
చెట్టి నేర్పలేదు.

సాయంత్రం కండక్టరు వచ్చాడు.
పొట్లం అటూ ఇటూ తిప్పి,
పాత అలవాటేమో, చిల్లర లెక్కపెట్టి ఇస్తా
"నమ్మొచ్చా? ఎవరి సరుకు?" అన్నాడు.

"తెలిసినోళ్ళదే" అన్నాను.